క్షేత్ర వినియోగ ఔత్సాహిక రేడియో కిట్లు: హైదరాబాద్ అనుభవం – ఒక చారిత్రక పరిశీలన

విషయక్రమం

9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 తొలి దశ: అనుమతి, అనుమానం
9.3 బరువు తగ్గిన రేడియో
9.4 హైదరాబాద్‌లో సంస్థాగత కృషి
9.5 అండమాన్, డిసెంబర్ 2004
9.6 చేతితో కూర్చిన రేడియో: బిట్‌ఎక్స్
9.7 క్షేత్ర కిట్‌లో ఏముంటుంది, ఎందుకు?
9.8 మూసాపేట నుంచి ఒక పరిశీలన
9.9 ఆధారాలను ఎలా చదవాలి?
9.10 సారాంశం
9.11 ముఖ్య పదాలు
9.12 మాదిరి పరీక్షా ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు:
• భారతదేశంలో ఔత్సాహిక రేడియో చరిత్రలోని ముఖ్య దశలను గుర్తించగలుగుతారు.
• ఇంట్లో స్థిరంగా ఉండే రేడియో, సంచిలో మోసుకుపోగల రేడియోగా మారడానికి దారితీసిన సాంకేతిక, ఆర్థిక కారణాలను వివరించగలుగుతారు.
• ఈ మార్పులో హైదరాబాద్ నగరం నిర్వహించిన పాత్రను అంచనా వేయగలుగుతారు.
• విపత్తు కాలపు సమాచార సంబంధాలకు సంబంధించిన ఆధారాలను విమర్శనాత్మకంగా చదవగలుగుతారు.

9.1 పరిచయం

1977 నవంబర్ 19న కృష్ణా జిల్లా దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. అధికారిక లెక్కల ప్రకారమే దాదాపు పది వేల మంది మరణించారు. రోడ్లు తెగిపోయాయి, టెలిగ్రాఫ్ స్తంభాలు కూలిపోయాయి. ఏ ఊరు మిగిలిందో, ఏ ఊరు కొట్టుకుపోయిందో బయటి ప్రపంచానికి వెంటనే తెలియలేదు. బియ్యం, మందులు, పడవలు ఎక్కడికి పంపాలో తెలియాలంటే ముందు ఆ ఊరి నుంచి కబురు రావాలి. కబురు వచ్చే దారే లేనప్పుడు సాయం చేయగలవారు కూడా నిస్సహాయులవుతారు.

విపత్తుల చరిత్రను సాధారణంగా మృతుల సంఖ్యతో, గాలి వేగంతో, నష్టం విలువతో చెబుతారు. ఈ యూనిట్‌లో మనం మరొక వైపు నుంచి చూద్దాం. తీగలు తెగినప్పుడు కబురు ఎలా నడిచింది? దాన్ని నడిపినవారు ఎవరు? వారి చేతిలోని పరికరం ఎక్కడి నుంచి వచ్చింది? వీటికి సమాధానం వెతికితే ఔత్సాహిక రేడియో దగ్గరికి చేరుకుంటాం. దీనినే వాడుకలో హామ్ రేడియో అంటారు.

ఔత్సాహిక రేడియో అంటే లాభాపేక్ష లేకుండా, స్వయం శిక్షణ కోసం, ప్రయోగాల కోసం, పరస్పర సంభాషణ కోసం వ్యక్తులు నడిపే వైర్‌లెస్ సేవ. దీనికి ప్రభుత్వ పరీక్ష ఉత్తీర్ణులై లైసెన్సు పొందాలి. లైసెన్సుతో పాటు ప్రతి ఒక్కరికీ ఒక పిలుపు సంకేతం లభిస్తుంది. భారతదేశపు సంకేతాలు 'వీయూ' అక్షరాలతో మొదలవుతాయి.

ఇక్కడ 'కిట్' అనే మాటను గమనించండి. దీనికి రెండు అర్థాలున్నాయి. విడి భాగాలుగా కొని, టంకం పెట్టి కూర్చుకునే రేడియో సామగ్రి ఒకటి. సెట్టు, బ్యాటరీ, యాంటెనా, తీగలు అన్నీ ఒకే సంచిలో సర్ది, పిలిచిన వెంటనే బయలుదేరడానికి సిద్ధంగా ఉంచుకునే సామగ్రి మరొకటి. హైదరాబాద్ చరిత్రలో ఈ రెండు అర్థాలూ ఒకదానితో ఒకటి కలుస్తాయి.

9.2 తొలి దశ: అనుమతి, అనుమానం

భారతదేశంలో తొలి ఔత్సాహిక రేడియో లైసెన్సు 1921లో అమరేంద్ర చంద్ర గుప్తుకు లభించింది. 1930ల మధ్య నాటికి కూడా దేశంలో ఇలాంటి వారి సంఖ్య కొన్ని పదులను దాటలేదు. పరికరాలు ఖరీదైనవి, పుస్తకాలు ఆంగ్లంలో ఉండేవి, అనుమతి వలస ప్రభుత్వం చేతిలో ఉండేది. 1885 టెలిగ్రాఫ్ చట్టం, 1933 వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా వైర్‌లెస్ యంత్రాన్ని దగ్గర ఉంచుకోవడమే నేరం. అంటే రేడియోను ప్రభుత్వం మొదటి నుంచీ ఆయుధంతో సమానంగా చూసింది.

సంస్థానాల్లో పరిస్థితి కొంత భిన్నం. హైదరాబాద్‌లో తపాలా శాఖ అధికారి మహబూబ్ అలీ చిరాగ్ అలీ గల్లీలో సొంత ఆసక్తితో ఒక చిన్న ప్రసార కేంద్రాన్ని నడిపారు. తరువాత దానిని నిజాం ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. 1935లో మొదలైన దక్కన్ రేడియోకు మూలం అదే. 1950లో దక్కన్ రేడియో ఆకాశవాణిలో కలిసింది. ఒక వ్యక్తి ఆసక్తితో మొదలైన పని ప్రభుత్వ వ్యవస్థగా మారిన ఈ క్రమం రేడియో చరిత్రలో పలుచోట్ల కనిపిస్తుంది.

1939లో రెండో ప్రపంచ యుద్ధం ప్రారంభం కాగానే బ్రిటిష్ ప్రభుత్వం కొత్త లైసెన్సులను నిలిపివేసి, ఔత్సాహికులు తమ ప్రసార యంత్రాలను పోలీసులకు అప్పగించాలని ఆదేశించింది. అయినా 1942 క్విట్ ఇండియా ఉద్యమ కాలంలో ఉషా మెహతా, ఆమె సహచరులు బొంబాయిలో రహస్యంగా కాంగ్రెస్ రేడియోను నడిపారు. పోలీసులకు చిక్కకుండా ఉండేందుకు యంత్రాన్ని ఒక ఇంటి నుంచి మరొక ఇంటికి మారుస్తూ వచ్చారు. ఆగస్టులో మొదలైన ఆ ప్రసారాలు నవంబర్‌లో అరెస్టులతో ఆగిపోయాయి. మోసుకుపోగల రేడియో రాజకీయంగా ఎంత శక్తిమంతమైనదో, ప్రభుత్వం దాన్ని చూసి ఎందుకు భయపడిందో ఈ ఉదంతం తెలియజేస్తుంది.

అదే యుద్ధంలో ఐరోపాలో సూట్‌కేస్ రేడియోలు వాడుకలోకి వచ్చాయి. హైదరాబాద్ నిజాం ఆస్థానంలో గౌరవం పొందిన సంగీత విద్వాంసుడు, సూఫీ గురువు హజ్రత్ ఇనాయత్ ఖాన్ కుమార్తె నూర్ ఇనాయత్ ఖాన్ 1943లో పారిస్‌లో బ్రిటన్ తరఫున రహస్య వైర్‌లెస్ ఆపరేటర్‌గా పనిచేసింది. 1944లో జర్మన్లు ఆమెను దఖావు నిర్బంధ శిబిరంలో కాల్చి చంపారు. ఆనాటి సూట్‌కేస్ సెట్లలో ప్రసిద్ధమైన ఒక రకం బరువు దాదాపు 15 కిలోలు. దానికి తోడు పైకి కట్టే పొడవైన తీగ. ఆపరేటర్ ప్రాణం ఆ బరువు మీద, ఆ తీగను ఎంత త్వరగా విప్పి దాచగలరన్న దాని మీద ఆధారపడేది.

స్వాతంత్ర్యం తరువాత కూడా అనుమానం పూర్తిగా తొలగలేదు. 1978లో ఔత్సాహిక సేవకు ప్రత్యేక నియమావళి వచ్చింది. లైసెన్సు ఒక చిరునామాకు ముడిపడి ఉండేది. స్టేషన్‌ను మరో చోటికి మార్చాలంటే అధికారుల అనుమతి అవసరమయ్యేది. ఇతరుల సందేశాలను చేరవేయడం సాధారణ సమయాల్లో నిషిద్ధం, ప్రకృతి వైపరీత్యాల వంటి సందర్భాల్లో మాత్రమే మినహాయింపు. విపత్తులో రేడియోను భుజాన వేసుకుని కదలవలసిన వ్యక్తికి, కదలకుండా ఉండాలనే నియమానికి మధ్య ఉన్న ఈ వైరుధ్యం మన అంశానికి కీలకం.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
1. ఔత్సాహిక రేడియోను నిర్వచించండి.
2. 1939లో ఔత్సాహికులపై విధించిన ఆంక్షలు ఏవి?

9.3 బరువు తగ్గిన రేడియో

వాల్వులతో పనిచేసే ప్రసార యంత్రానికి రెండు వందల వోల్టులకు మించిన విద్యుత్ పీడనం కావాలి. దానికోసం పెద్ద ట్రాన్స్‌ఫార్మర్, బయట వాడాలంటే జనరేటర్ అవసరం. అందువల్ల యంత్రం ఇంట్లో బల్ల మీదే ఉండిపోయేది. అయినా బయటకు తీసుకుపోయి వాడే అభ్యాసం అప్పుడే మొదలైంది. అమెరికా ఔత్సాహికుల సంఘం 1933లో 'ఫీల్డ్ డే'ని ప్రారంభించింది. ఏటా ఒక వారాంతంలో మైదానానికి వెళ్లి, తాత్కాలికంగా యాంటెనాలు కట్టి, సొంత విద్యుత్తుతో స్టేషన్ నడపడం ఆ కార్యక్రమం. చూడటానికి ఆటలా ఉన్నా అది విపత్తు కసరత్తే.

1947లో కనుగొన్న ట్రాన్సిస్టర్ ఈ పరిస్థితిని మార్చింది. 12 వోల్టుల వాహన బ్యాటరీతో నడిచే సెట్లు క్రమంగా వచ్చాయి. పరిమాణం, బరువు తగ్గాయి. కాని ఈ సౌకర్యం భారతదేశపు ఔత్సాహికులకు వెంటనే అందలేదు. విదేశీ మారక ద్రవ్య కొరత, దిగుమతి ఆంక్షలు, అధిక సుంకాల వల్ల జపాన్ సెట్టు మధ్యతరగతి ఉద్యోగికి అందని వస్తువుగా ఉండిపోయింది. 1970ల వరకు దేశంలో ఔత్సాహికుల సంఖ్య స్వల్పంగానే ఉంది. 1984లో రాజీవ్ గాంధీ ప్రభుత్వం ఈ ఆంక్షలను సడలించింది. ఆయన స్వయంగా హామ్, ఆయన పిలుపు సంకేతం వీయూ2ఆర్‌జీ.

కొరతకు మరో ఫలితం కూడా ఉంది. కొనలేనివారు తయారు చేసుకోవడం నేర్చుకున్నారు. పాడైపోయిన రేడియోల నుంచి వాల్వులు, కెపాసిటర్లు ఊడదీసి, పాత ట్రాన్స్‌ఫార్మర్‌కు కొత్త తీగ చుట్టి సెట్టు తయారు చేయడం ఆ తరానికి అలవాటైన పని. హైదరాబాద్‌లో 1967లో ఈసీఐఎల్ స్థాపనతో ఎలక్ట్రానిక్స్ రంగం వేళ్లూనుకుంది. సనత్‌నగర్, బాలానగర్ పారిశ్రామిక వాడల్లో యంత్ర పరికరాల పనివారు, కోఠి గుజరాతీ గల్లీలో విడి భాగాల దుకాణాలు, టంకం పనిలో ఆరితేరిన మెకానిక్‌లు – ఇవన్నీ ఒకే నగరంలో ఉండటం తరువాతి చరిత్రకు పునాది.

9.4 హైదరాబాద్‌లో సంస్థాగత కృషి

1983లో ఎస్. సూరి హైదరాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోను స్థాపించారు. సోమాజిగూడ రాజ్‌భవన్ రోడ్డు దీని చిరునామాగా దేశమంతటా హామ్‌లకు పరిచయం. లైసెన్సు పరీక్షకు శిక్షణ ఇవ్వడం, విద్యార్థులకు రేడియోను పరిచయం చేయడం, విపత్తు సమయాల్లో బృందాలను పంపడం దీని ప్రధాన కార్యక్రమాలు.

ఈ సంస్థ ప్రాముఖ్యాన్ని రెండు కోణాల నుంచి అర్థం చేసుకోవాలి. మొదటిది, విడివిడిగా తమ ఇళ్లలో కూర్చున్న ఔత్సాహికులను ఒక బృందంగా మార్చడం. ఒంటరి హామ్ దగ్గర సెట్టు ఉండవచ్చు, కాని తుపాను ప్రాంతానికి వెళ్లడానికి వాహనం, అనుమతి పత్రం, అక్కడ పనిచేయడానికి మరో ముగ్గురు కావాలి. రెండోది, ప్రభుత్వ యంత్రాంగానికీ ఔత్సాహికులకూ మధ్య నమ్మకం. కలెక్టర్ కార్యాలయంలో బల్ల వేసి రేడియో పెట్టడానికి ఎవరినైనా అనుమతించాలంటే వారు ఎవరో ముందే తెలిసి ఉండాలి. 9.2లో చూసిన అనుమానానికి ఈ పరిచయమే విరుగుడు.

ఆంధ్ర తీరం ఈ కసరత్తు అవసరాన్ని తరచూ గుర్తుచేసింది. 1990 మే తుపాను, 1996 నవంబర్‌లో కోనసీమను దెబ్బతీసిన తుపాను, 1999 ఒడిశా మహా తుపాను ఒకదాని తరువాత ఒకటి వచ్చాయి. 2001 గుజరాత్ భూకంపంలో భుజ్ పరిసరాల నుంచి సమాచారం చేరవేయడంలో హామ్‌లు పాల్గొన్నారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను నేరుగా విశాఖపట్నాన్ని తాకింది. అప్పటికి మొబైల్ ఫోను ప్రతి చేతిలో ఉంది. అయినా టవర్లకు కరెంటు లేక, తీగలు తెగి, పెద్ద నగరం రోజుల తరబడి మూగబోయింది. అప్పుడు కూడా హామ్ బృందాలు సెట్లతో రంగంలోకి దిగాయి. 1977లో దివిసీమ పల్లెలు ఎదుర్కొన్న సమస్యే 37 ఏళ్ల తరువాత ఒక మహానగరానికి ఎదురైంది. సాంకేతికత పెరిగితే ఈ బలహీనత పోతుందన్న నమ్మకాన్ని ఈ సంఘటన ప్రశ్నించింది.

9.5 అండమాన్, డిసెంబర్ 2004

క్షేత్ర రేడియో చరిత్రలో అండమాన్ ఉదంతానికి ప్రత్యేక స్థానం ఉంది. అండమాన్ నికోబార్ దీవుల నుంచి ఔత్సాహిక ప్రసారాలకు భద్రతా కారణాల వల్ల చాలా కాలం అనుమతి లభించలేదు. దాదాపు 17 ఏళ్ల విరామం తరువాత, 2004 డిసెంబర్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున ఒక బృందం పోర్ట్‌బ్లెయిర్ చేరింది. ఆ బృందంలో ప్రముఖ పాత్ర భారతీ ప్రసాద్‌ది. ఆమె వీయూ4ఆర్‌బీఐ అనే సంకేతంతో ప్రపంచవ్యాప్తంగా వేలాది హామ్‌లతో మాట్లాడుతున్నారు. అరుదైన ప్రాంతం నుంచి మాట్లాడి, వీలైనంత మందికి ఆ సంబంధాన్ని అందించడం ఇలాంటి యాత్రల ఉద్దేశం. ఇది పూర్తిగా అభిరుచికి సంబంధించిన వ్యవహారం.

డిసెంబర్ 26 ఉదయం భూకంపం వచ్చింది, వెంటనే సునామీ. దీవుల మధ్య సంబంధాలు తెగిపోయాయి. అభిరుచి కోసం కట్టిన యాంటెనాలు అప్పటికే నిలబడి ఉన్నాయి, సెట్లు అప్పటికే పనిచేస్తున్నాయి, ఏ వేళకు ఏ తరంగంపై ప్రధాన భూభాగం వినిపిస్తుందో ఆ బృందానికి మూడు వారాల అనుభవంతో తెలుసు. ఆ స్టేషన్ కొద్ది వ్యవధిలో అత్యవసర కేంద్రంగా మారింది. తీవ్రంగా దెబ్బతిన్న కార్ నికోబార్‌లో కూడా రేడియో ఏర్పాటు చేశారు. బంధువుల క్షేమ సమాచారం కోసం ఎదురుచూస్తున్న వారికి దీవుల నుంచి కబుర్లు చేరాయి.

ఈ ఉదంతం నుంచి చరిత్ర విద్యార్థి గ్రహించవలసినది ఒకటుంది. సునామీ తరువాత పంపిన కిట్ కాదు అక్కడ మొదట ఉపయోగపడింది, అంతకుముందే చేరి, పరీక్షకు నిలిచి, వాడుకలో ఉన్న కిట్. ఇక్కడ యాదృచ్ఛికత ఉంది, దాన్ని దాచనవసరం లేదు. కాని ఆ యాదృచ్ఛికత అందరికీ ఉపయోగపడేది కాదు. దాన్ని వాడుకోగల నైపుణ్యం ముందే ఉన్నవారికే ఉపయోగపడింది.

ఆ తరువాత కొద్ది నెలలకు, 2005 మే 5న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ6 రాకెట్ హామ్‌శాట్ అనే ఉపగ్రహాన్ని కక్ష్యలోకి చేర్చింది. 42.5 కిలోల ఈ చిన్న ఉపగ్రహం ఔత్సాహికుల కోసమే రూపొందింది. చేతిలో పట్టుకోగల సెట్టు, చిన్న యాంటెనాతో దూర ప్రాంతాల వారితో మాట్లాడే వీలు దీనివల్ల కలిగింది. 2014లో బ్యాటరీ వైఫల్యంతో అది ఆగిపోయే వరకు దాదాపు తొమ్మిదేళ్లు సేవలందించింది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2
1. హుద్‌హుద్ తుపాను అనుభవం దివిసీమ ఉప్పెన అనుభవాన్ని ఏ విధంగా గుర్తుచేస్తుంది?
2. అండమాన్‌లో అభిరుచి స్టేషన్ అత్యవసర కేంద్రంగా మారడానికి తోడ్పడిన అంశాలను పేర్కొనండి.

9.6 చేతితో కూర్చిన రేడియో: బిట్‌ఎక్స్

కిట్ అనే మాటకు మొదటి అర్థం విడి భాగాల నుంచి కూర్చుకునే రేడియో అని చెప్పుకున్నాం. ఈ రంగంలో ప్రపంచవ్యాప్త గుర్తింపు పొందిన రూపకల్పన హైదరాబాద్‌లోనే పుట్టింది. వీయూ2ఈఎస్‌ఈ సంకేతం గల అష్హర్ ఫర్హాన్ 2003లో బిట్‌ఎక్స్-20 అనే సర్క్యూట్‌ను బహిరంగంగా ప్రచురించారు. 14 మెగాహెర్ట్జ్ పరిధిలో ఐదారు వాట్ల శక్తితో మాటను పంపగల, వినగల సెట్టు ఇది. బంజారాహిల్స్‌లోని 'లామకాన్' అనే సాంస్కృతిక వేదిక స్థాపకుల్లో కూడా ఆయన ఒకరు. ఆ వేదిక పేరుతోనే నగరంలో ఒక ఔత్సాహిక రేడియో క్లబ్బు నడుస్తోంది.

బిట్‌ఎక్స్ ప్రత్యేకత దాని శక్తిలో లేదు, అది ఎంచుకున్న భాగాల్లో ఉంది. విదేశీ కేటలాగులో తప్ప దొరకని భాగం వాడితే మన ఊళ్లో ఎవరూ ఆ సెట్టు తయారు చేయలేరు. కాబట్టి సాధారణ ఎలక్ట్రానిక్స్ దుకాణంలో దొరికే ట్రాన్సిస్టర్లు, టీవీ యాంటెనా బాలన్‌లలోని ఫెర్రైట్ ముక్కలు వాడుకున్నారు. తరంగాన్ని నిర్ణయించే కాయిల్ చుట్టడానికి నీటి కుళాయి వాషర్‌ను ఉపయోగించారు. పంపేటప్పుడు, వినేటప్పుడు అవే యాంప్లిఫయర్ దశలు రెండు దిశల్లోనూ పనిచేసేలా అమర్చడం వల్ల భాగాల సంఖ్య తగ్గింది. 10 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఫిల్టర్, సుమారు 4 మెగాహెర్ట్జ్ ఆసిలేటర్ – రెండూ కలిస్తే 14 మెగాహెర్ట్జ్. ఈ కూడికను అర్థం చేసుకున్న విద్యార్థికి సెట్టు లోపల ఏం జరుగుతోందో సగం తెలిసినట్లే.

తరువాత 2016లో 7 మెగాహెర్ట్జ్ పరిధికి బిట్‌ఎక్స్-40 బోర్డు, 2017 చివర్లో 3 నుంచి 30 మెగాహెర్ట్జ్ వరకు పనిచేసే మైక్రో బిట్‌ఎక్స్ వచ్చాయి. ఇవి హైదరాబాద్‌లో తయారై అనేక దేశాలకు వెళ్లాయి. బిట్‌ఎక్స్-40 ధర 60 డాలర్ల లోపు, మైక్రో బిట్‌ఎక్స్ ప్రారంభ ధర సుమారు 110 డాలర్లు. అదే కాలంలో పేరొందిన కంపెనీ సెట్టుకు దానికి ఎన్నో రెట్లు చెల్లించవలసి వచ్చేది.

ఈ బోర్డుల తయారీలో స్త్రీల శ్రమను ప్రత్యేకంగా గుర్తించాలి. సన్నని ఎనామిల్ తీగను చిన్న ఉంగరంలాంటి కోర్ చుట్టూ లెక్క తప్పకుండా చుట్టడం యంత్రానికి కష్టమైన, చేతికి సాధ్యమైన పని. నగరంలోని మహిళల బృందం ఈ పనిని చేపట్టింది. చుట్టు ఒకటి తగ్గినా తరంగం మారిపోతుంది. సాంకేతిక చరిత్ర రూపకర్త పేరును గుర్తుపెట్టుకుంటుంది, చుట్టిన చేతుల పేర్లు చాలాసార్లు నమోదు కావు. ఈ లోపం బిట్‌ఎక్స్‌కే పరిమితం కాదు. కర్మాగారాల చరిత్ర మొత్తానికీ వర్తిస్తుంది.

బహిరంగ సర్క్యూట్ వల్ల కలిగిన మరో ఫలితం మరమ్మతు. కంపెనీ సెట్టు తుపాను ప్రాంతంలో పాడైతే పెట్టెలో పెట్టి తిరిగి పంపడమే. తాను స్వయంగా కూర్చిన సెట్టులో చివరి దశ ట్రాన్సిస్టర్ కాలిపోతే, టంకం కడ్డీ ఉన్న వ్యక్తి అక్కడికక్కడే మార్చగలడు. క్షేత్రంలో నిలిచే గుణం ధరలో కాదు, ఈ పరిచయంలో ఉంది.

9.7 క్షేత్ర కిట్‌లో ఏముంటుంది, ఎందుకు?

ప్రతి వస్తువు వెనుక ఒక అనుభవం ఉంటుంది. ఆ దృష్టితో కిట్‌ను పరిశీలిద్దాం.

సెట్టు: సాధారణంగా రెండు రకాలు. ఒకే ఊళ్లో, సహాయ శిబిరాల మధ్య మాట్లాడటానికి 144–146 మెగాహెర్ట్జ్ పరిధిలోని చేతి సెట్టు. దీని తరంగం దాదాపు చూపు మేరకే వెళుతుంది. జిల్లా నుంచి రాజధానికి మాట్లాడటానికి 7 మెగాహెర్ట్జ్ వంటి షార్ట్‌వేవ్ సెట్టు. మొదటిది వీధికి, రెండోది రాష్ట్రానికి అని గుర్తుపెట్టుకోవచ్చు.

యాంటెనా: 7.1 మెగాహెర్ట్జ్‌కు సగం తరంగదైర్ఘ్యపు డైపోల్ పొడవు కనుక్కోవడానికి 143ను 7.1తో భాగిస్తే సుమారు 20 మీటర్లు వస్తుంది. అంటే మధ్యలో కేబుల్ కలిపి, రెండు వైపులా చెరో 10 మీటర్ల తీగ. ఎత్తు ఎక్కువైతే మంచిదని అనుకుంటాం. కాని దగ్గరి జిల్లాలతో మాట్లాడాలంటే నాలుగైదు మీటర్ల ఎత్తు సరిపోతుంది. అప్పుడు తరంగం దాదాపు నిట్టనిలువుగా పైకి వెళ్లి, అయనోవరణాన్ని తాకి, చుట్టూ మూడు నాలుగు వందల కిలోమీటర్ల పరిధిలో కిందికి దిగుతుంది. విజయవాడ నుంచి హైదరాబాద్‌కు పగటివేళ ఇది అనువైన పద్ధతి. చెట్లు కూలిన చోట రెండు వెదురు గడలతో పని జరుగుతుంది.

బ్యాటరీ: ఉదాహరణకు వినేటప్పుడు 0.2 ఆంపియర్లు, పంపేటప్పుడు 1.5 ఆంపియర్లు తీసుకునే సెట్టు ఉందనుకోండి. గంటలో పావు గంట మాట్లాడి, ముప్పావు గంట వింటే ఖర్చు 0.375 + 0.15 = 0.525 ఆంపియర్ అవర్లు. 7 ఆంపియర్ అవర్ల లెడ్ ఆసిడ్ బ్యాటరీలో సగమే వాడుకోవడం క్షేమం కాబట్టి 3.5ను 0.525తో భాగిస్తే ఆరున్నర గంటలకు పైగా వస్తుంది. వంద వాట్ల సెట్టయితే అదే బ్యాటరీ చాలా త్వరగా ఖాళీ అవుతుంది. తక్కువ శక్తి రేడియోకు క్షేత్రంలో ఉన్న విలువ ఈ లెక్కలో ఉంది.

ఇతర వస్తువులు: కేబుల్, అదనపు ఫ్యూజులు, కనెక్టర్లు, ఇయర్‌ఫోన్, టార్చి, నైలాన్ తాడు, మల్టీమీటర్, టంకం కడ్డీ, వాన తగలని సంచి. వీటితో పాటు లైసెన్సు నకలు, నోటు పుస్తకం, పెన్సిల్. తడిసిన కాగితం మీద పెన్ను రాయదు, పెన్సిల్ రాస్తుంది. సందేశం ఎవరి నుంచి, ఎవరికి, ఎన్ని గంటలకు అన్నది రాయకపోతే మూడో రోజుకు ఏ కబురు చేరిందో, ఏది చేరలేదో ఎవరికీ తెలియదు.

9.8 మూసాపేట నుంచి ఒక పరిశీలన

ఈ చరిత్రను మీరున్న చోటు నుంచి పరీక్షించవచ్చు. ఉదాహరణకు మూసాపేటను తీసుకుందాం. ఎర్రగడ్డకు, కూకట్‌పల్లికి మధ్య ముంబై రహదారిపై ఉన్న ఈ ప్రాంతం ఒకవైపు సనత్‌నగర్, బాలానగర్ పాత పారిశ్రామిక వాడలకు, మరోవైపు హైటెక్ సిటీకి చేరువలో ఉంది. 2017 నవంబర్‌లో మెట్రో రైలు వచ్చింది. పక్కనే ఎర్రగడ్డలో ఆదివారం సంతలో పాత ఎలక్ట్రానిక్ సామాను అమ్ముతారు. కర్మాగారాల నగరం, సాఫ్ట్‌వేర్ నగరం, పాత సామాను సంత ఇక్కడ ఒకే కాలినడక దూరంలో కలుస్తాయి.

ఇక్కడ ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటున్న విద్యార్థికి 20 మీటర్ల తీగ కట్టే చోటు దొరకడమే మొదటి సమస్య. మేడపైన నీళ్ల ట్యాంకులు, డిష్ యాంటెనాలు, పక్కింటివారి అభ్యంతరాలు. తీగ కట్టినా ఎల్‌ఈడీ దీపాలు, ఇన్వర్టర్లు, ఛార్జర్ల నుంచి వచ్చే గరగర శబ్దంలో దూరపు స్వరం మునిగిపోతుంది. విచిత్రమేమిటంటే కరెంటు పోయినప్పుడు ఆ శబ్దం కూడా పోతుంది. నగరం చీకటైన రాత్రి షార్ట్‌వేవ్ నిర్మలంగా వినిపిస్తుంది.

సమాచార సాంకేతికతకు పేరొందిన నగరానికి ఈ పాత పద్ధతి ఎందుకు? 2000 ఆగస్టులో, 2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో కురిసిన కుండపోత వానలను గుర్తుచేసుకోండి. కాలనీలు నీట మునిగాయి, కరెంటు నిలిచిపోయింది. టవర్ బ్యాటరీ కొన్ని గంటలే. ఒక ప్రాంతంలో అందరూ ఒకేసారి ఫోను చేస్తే ఉన్న టవరు కూడా చాలదు. కాలనీలో ఇద్దరు ముగ్గురి దగ్గర చేతి సెట్టు ఉండి, వాడటం తెలిసి ఉంటే ఏ వీధిలో వృద్ధులున్నారో, ఎక్కడ పడవ కావాలో చెప్పగలుగుతారు. అయితే లైసెన్సు తప్పనిసరి. ఆన్‌లైన్‌లో సెట్టు కొన్నంత మాత్రాన వాడే హక్కు రాదు. 12 సంవత్సరాలు నిండినవారు పరీక్షకు అర్హులు.

9.9 ఆధారాలను ఎలా చదవాలి?

హామ్ రేడియో గురించిన కథనాల్లో తరచూ కనిపించే వాక్యం: 'అన్ని సంబంధాలూ తెగిపోగా హామ్ రేడియో ఒక్కటే మిగిలింది'. ఈ వాక్యాన్ని చరిత్ర విద్యార్థి యథాతథంగా స్వీకరించకూడదు. సైన్యానికి, నౌకాదళానికి, పోలీసులకు సొంత వైర్‌లెస్ ఏర్పాట్లు ఉంటాయి. 2004 నాటికి ఉపగ్రహ ఫోన్లు కూడా ఉన్నాయి. కాబట్టి అడగవలసిన ప్రశ్న వేరు. ఆ వ్యవస్థలు ఎవరి కబుర్లు మోశాయి? సహజంగానే అధికారిక ఆదేశాలను, దళాల కదలికలను. 'మా అన్న బతికే ఉన్నాడా?' అన్న ప్రశ్నకు అక్కడ చోటు తక్కువ. ఔత్సాహికుడి ప్రత్యేకత ఇక్కడ కనిపిస్తుంది. సామాన్యుడి క్షేమ సమాచారాన్ని మోయడానికి అతనికి సమయం, ఇష్టం రెండూ ఉన్నాయి.

దీనికి ఆధారాలు నాలుగు రకాలు: ఆపరేటర్ల లాగ్ పుస్తకాలు, ప్రభుత్వ పత్రాలు, పత్రికా వార్తలు, పాల్గొన్నవారి జ్ఞాపకాలు. లాగ్ పుస్తకంలో సమయం కచ్చితంగా ఉంటుంది, భావం ఉండదు. జ్ఞాపకంలో భావం ఉంటుంది, సమయం జారిపోతుంది. పత్రిక సాహసాన్ని ఇష్టపడుతుంది. ప్రభుత్వ పత్రం తన శాఖ పనినే ముందుంచుతుంది. నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడే చరిత్ర తయారవుతుంది. ఐదో ఆధారం కూడా ఉంది: వస్తువు. మార్చిన ట్రాన్సిస్టర్, అతికిన తీగ, పెట్టెపై గీతలు – ఒక పాత సెట్టు తన జీవితాన్ని తానే చెబుతుంది. ఇలాంటి సెట్లు తరచూ తూకానికి పోతున్నాయి. అవి పోతే ఆ చరిత్రా పోతుంది.

1885, 1933 చట్టాల స్థానంలో 2023లో కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చింది. పౌరుడి చేతిలోని రేడియోను ప్రమాదంగా చూడాలా, ప్రజా వనరుగా చూడాలా అన్న పాత ప్రశ్న మాత్రం అలాగే ఉంది. హైదరాబాద్ అనుభవం ఇచ్చే సమాధానం శిక్షణ, పరిచయం, కసరత్తు. భయం ఉన్నచోట నమ్మకం ఏర్పడటానికి ఇవి తోడ్పడ్డాయి.

9.10 సారాంశం

ఔత్సాహిక రేడియో భారతదేశంలో 1921లో మొదలై, చాలా కాలం అనుమతులు, ఆంక్షల మధ్య నడిచింది. ట్రాన్సిస్టర్ రాకతో రేడియో బరువు తగ్గింది, 1984 తరువాత దిగుమతులు సులభమయ్యాయి. 1983లో హైదరాబాద్‌లో ఏర్పడిన సంస్థ ఔత్సాహికులను బృందాలుగా మలిచింది. 2004 అండమాన్, 2014 విశాఖపట్నం అనుభవాలు క్షేత్ర కిట్ విలువను చాటాయి. 2003లో ఇదే నగరంలో రూపొందిన బిట్‌ఎక్స్ సామాన్యుడు కూర్చుకోగల, మరమ్మతు చేసుకోగల రేడియోను అందించింది. కిట్ చరిత్ర అంటే వస్తువుల చరిత్ర మాత్రమే కాదు, దాన్ని వాడటం ముందే నేర్చుకున్న మనుషుల చరిత్ర కూడా. అటక మీద దుమ్ము పట్టిన కిట్, బ్యాటరీ చచ్చిన కిట్, వాడటం తెలియని చేతిలోని కిట్ – విపత్తు రోజున లేనట్లే లెక్క.

9.11 ముఖ్య పదాలు

పిలుపు సంకేతం: లైసెన్సు పొందిన ప్రతి స్టేషన్‌కు ప్రభుత్వం ఇచ్చే అక్షరాలు, అంకెల గుర్తు.
డైపోల్: మధ్యలో కేబుల్ కలిపి, రెండు వైపులా సమాన పొడవు తీగ ఉండే యాంటెనా.
అయనోవరణం: షార్ట్‌వేవ్ తరంగాలను తిరిగి భూమి వైపు మళ్లించే ఎగువ వాతావరణ పొర.
లాగ్ పుస్తకం: ప్రతి సంభాషణ సమయం, తరంగం, ఎదుటి స్టేషన్ వివరాలు నమోదు చేసే పుస్తకం.
క్షేమ సమాచారం: విపత్తు ప్రాంతంలోని వ్యక్తుల స్థితిని బంధువులకు తెలిపే సందేశం.

9.12 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. మోసుకుపోగల ఔత్సాహిక రేడియో ఆవిర్భావానికి దారితీసిన సాంకేతిక, ఆర్థిక, రాజకీయ కారణాలను చర్చించండి.
2. విపత్తు సమాచార సంబంధాల చరిత్రలో హైదరాబాద్ పాత్రను మూల్యాంకనం చేయండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. బిట్‌ఎక్స్ రూపకల్పనలో స్థానికంగా దొరికే భాగాల ప్రాధాన్యాన్ని తెలపండి.
2. 'హామ్ రేడియో ఒక్కటే మిగిలింది' అనే వాక్యాన్ని విమర్శనాత్మకంగా పరిశీలించండి.

III. క్షేత్ర కృత్యం
మీ ప్రాంతంలో 60 ఏళ్లు దాటిన ఒక రేడియో మెకానిక్‌ను కలవండి. విడి భాగాలు ఎక్కడి నుంచి తెచ్చేవారు, పని ఎవరి దగ్గర నేర్చుకున్నారు, తుపాను లేదా వరద సమయంలో రేడియో ఏ విధంగా ఉపయోగపడింది అన్న విషయాలు అడిగి, వారి అనుమతితో రెండు పుటల నివేదిక రాయండి. వారు చెప్పిన తేదీల్లో కనీసం ఒకదాన్ని ఆనాటి దినపత్రికతో సరిచూడండి.